ఫోన్‌లో వృత్తి విద్య: పాఠం చూడటం నుంచి పని చేతికి వచ్చేదాకా

నర్సింగ్, అకౌంటింగ్, ఇంజినీరింగ్, లా, ఎలక్ట్రికల్ పని... కోర్సు ఏదైనా నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. పాఠాలు బోలెడు చూశాను. పరీక్ష హాల్లో మాత్రం ఏమీ గుర్తు రావడం లేదు. ఏ యాప్ వాడమంటారు?"

యాప్ మారిస్తే ఈ ఇబ్బంది తీరదు. మనలో చాలామందిమి ఫోన్‌ని చిన్న టీవీలా వాడుతున్నాం. పాఠం నడుస్తూ ఉంటుంది, మనం చూస్తూ ఉంటాం, అంతా అర్థమైనట్టే అనిపిస్తుంది. ఫోన్ నిజంగా పనికొచ్చేది మరో రెండు చోట్ల: మనల్ని ప్రశ్నలు అడగడానికి, మన చేతులు చేస్తున్న పనిని మనకే చూపించడానికి. కింద చెప్పిన క్రమమంతా ఆ రెండింటి కోసమే. మామూలు ఫోన్, ఒక నోటుపుస్తకం, రోజుకి గంట సమయం ఉంటే చాలు.

1. సిలబస్‌ని కాగితం మీద మూడు భాగాలు చేయండి

ఫోన్ పక్కన పెట్టి మొదలుపెట్టండి. సిలబస్ ముందేసుకుని ఒక్కో అంశం పక్కన ఒక అక్షరం రాయండి.

- గు: గుర్తుండాల్సినవి. మోతాదులు, సూత్రాలు, నిర్వచనాలు, రంగుల కోడ్‌లు, గడువులు.
- అ: అర్థం కావాల్సినవి. ఒకటి మారితే మరొకటి ఎందుకు మారుతుంది, ఏ సందర్భంలో ఏ పద్ధతి ఎంచుకోవాలి.
- చే: చేతికి రావాల్సినవి. కుట్టు వేయడం, వైరింగ్ చేయడం, క్లయింటుతో మాట్లాడటం, డ్రాయింగ్ గీయడం.

"గు" అంశాలకి కార్డులు (ఒక వైపు ప్రశ్న, మరో వైపు జవాబు ఉండేవి), "అ" అంశాలకి వీడియో, పుస్తకం, మాటల్లో చెప్పుకోవడం, "చే" అంశాలకి కెమెరా. ఈ విభజన చేయకుండా అన్నింటికీ వీడియోలే చూసేవాళ్లు ఎక్కువ. కుట్టు వేయడం ఎలాగో యాభై వీడియోలు చూసినా వేళ్లకి ఆ పని రాదు. మోతాదుల పట్టికని ఎవరో చదువుతుంటే ఎన్నిసార్లు విన్నా నోటికి రాదు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. లైసెన్సు అవసరమైన వృత్తుల్లో ప్రాక్టికల్ గంటలు, పర్యవేక్షణలో చేయాల్సిన పని ఫోన్‌తో పూర్తికావు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టేముందు, మీ వృత్తిని నియంత్రించే సంస్థ దాన్ని గుర్తిస్తుందో లేదో ఆ సంస్థ సొంత సైట్‌లోనే చూసుకోండి. కోర్సు అమ్మేవాళ్ల మాట మీద వెళ్లొద్దు.

2. ఫోన్‌ని చదువుకి సిద్ధం చేయండి

దీనికి ఒక పూట పడుతుంది. చదువు మొదలుపెట్టాక సెట్టింగ్‌లు మారుస్తూ కూర్చుంటే ఆ గంట కాస్తా అక్కడే ఖర్చయిపోతుంది. అందుకే ఇది విడిగా చేసుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో డు నాట్ డిస్టర్బ్ ఉంటుంది (కొత్త వెర్షన్లలో మోడ్స్ కింద). ఐఫోన్‌లో ఫోకస్ ఉంటుంది. పేరు పెట్టే వీలుంటే అందులో "చదువు" అని ఒకటి పెట్టుకుని, ఇంట్లోవాళ్ల ఫోన్‌కాల్స్ మాత్రం వచ్చేలా ఉంచి మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపండి. ఇంట్లో అత్యవసరమైతే ఫోన్ మోగుతుందన్న ధైర్యం ఉంటే మధ్యలో తీసి చూడాలన్న టెన్షన్ ఉండదు.

అయినా చెయ్యి వేరే యాప్ మీదకే పోతుంటే ఇంకో దారి ఉంది. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేస్తే తెరిచిన యాప్ లోంచి బయటికి రావడం అంత సులువు కాదు. కార్డులు తిరగేసే అరగంటకి ఇది బాగా పనికొస్తుంది.

మొదలుపెట్టేముందు ఇవి చూసుకోండి:

- చదువుకి కావాల్సిన నాలుగైదు యాప్‌లు మాత్రమే మొదటి స్క్రీన్ మీద ఉన్నాయి
- వారానికి సరిపడా పాఠాలు వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేశారు
- కనీసం 5 జీబీ ఖాళీ ఉంది (వీడియో తీయాలంటే ఇది తప్పనిసరి)
- అక్షరాల సైజు కళ్లు చికిలించకుండా చదివేంత పెద్దగా ఉంది
- నోట్స్, కార్డులు, వీడియోలు మూడూ బ్యాకప్ అవుతున్నాయి

చివరిదాని మీద నాకు పట్టుదల ఎక్కువ, దానికి కారణం ఉంది. నా ఫోన్ ఒకసారి నీళ్లలో పడింది. మూడు నెలల నోట్స్ అందులోనే ఉన్నాయి, బ్యాకప్ ఆన్‌లో ఉందనే అనుకున్నాను. నిజానికి ఖాతాలో చోటు నిండిపోయి అది ఎప్పుడో ఆగిపోయింది. అప్పటి నుంచి నెలకోసారి వేరే పరికరంలో లాగిన్ అయి, ఆఖరున రాసిన నోట్స్ అక్కడ కనిపిస్తున్నాయో లేదో చూస్తాను. మీరూ అలాగే చూడండి. సెట్టింగ్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన బ్యాకప్ జరిగినట్టు కాదు.

3. ఒక విషయానికి ఒక పుస్తకం, ఒక వీడియో వరస

మీ సంస్థ చెప్పిన పాఠ్యపుస్తకం, దానికి తోడు ఒక వీడియో వరస. అంతకు మించి వద్దు. వీడియో ఎంచుకునేటప్పుడు మూడు చూడండి: ఏ సంవత్సరం తీసింది, చెప్పేవాళ్లు ఆ వృత్తిలో పనిచేస్తున్నారా, మీ సిలబస్‌లోని పదాలే వాడుతున్నారా. పన్నులు, చట్టాలు, చికిత్స మార్గదర్శకాలు, భద్రతా ప్రమాణాలు మారుతుంటాయి. ఎంత చక్కగా చెప్పినా పాత పాఠం తప్పు నేర్పుతుంది.

4. వీడియో పాఠాన్ని ఈ క్రమంలో చూడండి

1) ప్లే నొక్కేముందు నోటుపుస్తకంలో రెండు ప్రశ్నలు రాయండి. "ఈ పాఠం అయ్యాక నేను దేనికి జవాబు చెప్పగలగాలి?"

2) ఎనిమిది, పది నిమిషాలు చూసి ఆపండి. పాఠం పెద్దదైతే ముక్కలు చేసుకోండి.

3) ఫోన్ బోర్లా పెట్టి, విన్నదాన్ని పైకి మాటల్లో చెప్పండి. ఎదురుగా ఆ విషయం తెలియని మనిషి ఉన్నట్టే చెప్పండి. ఎక్కడ మాట తడబడిందో అక్కడే మీకు అర్థం కానిది ఉంది.

4) తడబడిన చోటు వరకే వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి.

5) పాఠం మొత్తం అయ్యాక మూడు నుంచి ఐదు కార్డులు రాయండి. పది రాయాలనిపిస్తే ఏవి ముఖ్యమో ఇంకా తేలలేదన్నమాట.

మూడో మెట్టునే చాలామంది దాటేస్తారు, బద్ధకం వల్ల కాదు, అది ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి. మళ్లీ చూస్తే హాయిగా ఉంటుంది, గుర్తు చేసుకోవాలంటే తల బరువెక్కుతుంది. ఆ బరువులోనే చదువు ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివినవాళ్లకి వారం తర్వాత దాదాపు 40 శాతం గుర్తుంది. ఒక్క విడత చదివి, మూడు విడతలు చూడకుండా రాసినవాళ్లకి దాదాపు 61 శాతం గుర్తుంది. తమాషా ఏమిటంటే, ఐదు నిమిషాల తర్వాతే అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. చూసిన వెంటనే "వచ్చేసింది" అనిపించడాన్ని నమ్మకూడదనేది ఇందుకే.

5. కార్డులు: ఫోన్ మిమ్మల్ని అడగాలి

ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు. జవాబు తెలిసినవి ఆలస్యంగా, తెలియనివి త్వరగా మళ్లీ వస్తాయి. ఈ పని చేసే యాప్‌లు చాలా ఉన్నాయి. నేను వాడేది ఆంకీ. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ పేరుతో ఉచితం. ఐఫోన్ యాప్‌కి డబ్బు కట్టాలి, కానీ ఆంకీవెబ్‌ని బ్రౌజర్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. అదే పేరు పెట్టుకున్న వేరే యాప్‌లు కూడా ఉన్నాయి, దించుకునేముందు తయారు చేసింది ఎవరో చూడండి.

మంచి కార్డు ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూద్దాం. నర్సింగ్ విద్యార్థి తరచూ రాసుకునే కార్డు ఇలా ఉంటుంది (ఐవీ ఫ్లూయిడ్ అంటే నరంలోకి చుక్కలుగా ఎక్కించే సెలైన్ లాంటి ద్రవం):

"ఐవీ ఫ్లూయిడ్ రేటు గురించి రాయండి."

ఇది కార్డు కాదు, పరీక్షలో పది మార్కుల ప్రశ్న. దీనికి జవాబు వచ్చిందో లేదో మీకే తేలదు. దీన్ని ముక్కలు చేయాలి.

- కార్డు 1: డ్రాప్ ఫ్యాక్టర్ అంటే ఏమిటి? (ఒక మి.లీ.కి ఎన్ని చుక్కలు పడతాయో ఆ లెక్క.)
- కార్డు 2: అది ఎక్కడ చూడాలి? (ఐవీ సెట్ ప్యాకెట్ మీద.)
- కార్డు 3: నిమిషానికి చుక్కల సూత్రం? (మి.లీ. ఇంటూ డ్రాప్ ఫ్యాక్టర్, భాగించు నిమిషాలు.)
- కార్డు 4: 1,000 మి.లీ., 8 గంటలు, డ్రాప్ ఫ్యాక్టర్ 20. నిమిషానికి ఎన్ని? (20,000 చుక్కలు, 480 నిమిషాలు. 41.67, అంటే 42.)
- కార్డు 5: 500 మి.లీ., 4 గంటలు, డ్రాప్ ఫ్యాక్టర్ 15. నిమిషానికి ఎన్ని? (7,500 చుక్కలు, 240 నిమిషాలు. 31.25, అంటే 31.)

నాలుగో కార్డు ఒక్కటే ఉంటే కొన్నాళ్లకి "42" అనే అంకె నోటికి వచ్చేస్తుంది, లెక్క రాదు. అందుకే అంకెలు మార్చి ఐదో కార్డు పెట్టాలి. వీలైతే ఇంకో రెండు. లెక్క కాగితం మీద వేసి, ఆ తర్వాతే కార్డు తిప్పండి.

ఇతర వృత్తుల్లోనూ ఇంతే. అకౌంటింగ్‌లో అక్రూవల్ ఉంది, అంటే డబ్బు చేతులు మారకముందే ఖర్చునో ఆదాయాన్నో ఆ కాలం ఖాతాల్లో రాయడం. "అక్రూవల్ అంటే ఏమిటి" అనే కార్డు కన్నా ఇది మెరుగు: "డిసెంబరులో వాడిన కరెంటుకి బిల్లు జనవరిలో వచ్చింది. డిసెంబరు 31తో ముగిసే ఖాతాల్లో ఏ ఎంట్రీ?" (కరెంటు ఖర్చు డెబిట్, చెల్లించాల్సిన ఖర్చులు క్రెడిట్.) నిర్వచనం చెప్పగలిగిన మనిషి కూడా ఈ ప్రశ్న దగ్గర ఒక క్షణం ఆగుతారు. ఉద్యోగంలో ఎదురయ్యేది ఇలాంటి ప్రశ్నే.

ఇక రోజుకి ఎన్ని? ఆంకీలో ముందే పెట్టి ఉండే లెక్క రోజుకి 20 కొత్త కార్డులు. చూడటానికి తక్కువే. కానీ రోజూ 20 చొప్పున చేర్చుకుంటూ పోతే, తిరగేయాల్సిన పాతవి రోజుకి దాదాపు 200 దాకా పెరుగుతాయి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు దాన్ని మోయలేరు. మొదట్లో 7 దాటనివ్వకండి. నెల గడిచాక సులువుగా ఉంటే 10 చేయండి.

వేరేవాళ్లు తయారు చేసిన కార్డుల కట్టలు దొరుకుతాయి. శరీర నిర్మాణ శాస్త్రం బొమ్మలకి తప్ప వాటి జోలికి పోవద్దని నా సలహా. ప్రశ్న రాయడమే సగం చదువు.

6. కెమెరాని మీ చేతుల వైపు తిప్పండి

ఫోన్‌లో వృత్తి విద్యకి అన్నింటికన్నా విలువైన భాగం ఇదే, అందరూ తక్కువగా వాడేదీ ఇదే.

మనం పని చేస్తున్నప్పుడు మన చేతులు మనకి కనిపించవు. చూస్తాం, కానీ ఏం చేయాలనుకుంటున్నామో అదే కనిపిస్తుంది. వీడియోలో ఏం చేశామో కనిపిస్తుంది.

చేతులు కడుక్కోవడాన్నే తీసుకోండి. ఆరోగ్య వృత్తుల్లో మొదటి వారంలోనే నేర్పుతారు, అందరూ వచ్చనే అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతిలో సబ్బు, నీళ్లతో మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. ఫోన్‌ని సింక్ పక్కన గోడకి ఆనించి, మోచేతుల దాకా కనపడేలా పెట్టి రికార్డు చేయండి. తర్వాత టైమర్ చూస్తూ ఆడించండి. ఇలాంటివి కనిపించవచ్చు: అరచేతులు రుద్దడానికే పదిహేను సెకన్లు పోయాయి. వేళ్ల సందులు ఫర్వాలేదు. బొటనవేళ్లని మరో చేత్తో పట్టుకుని తిప్పుతూ రుద్దాలి, అక్కడ ఒక్క తాకుడుతో సరిపోయింది. చివర్లో కుళాయి కట్టింది ఎలా? కాగితపు తువ్వాలుతోనా, కడిగిన చేత్తోనేనా? మీరే చేసిన పని మీకే కొత్తగా కనిపిస్తుంది.

ఏ పనికైనా పాటించాల్సిన క్రమం:

1) సరైన పద్ధతి వీడియోని ఒకసారి చూసి, మెట్లన్నీ కాగితం మీద రాయండి. పదికి మించకూడదు.

2) ఫోన్‌ని స్టాండ్‌లో గానీ, పుస్తకాల దొంతరకి ఆనించి గానీ పెట్టండి. చేతులు, పనిముట్టు రెండూ ఫ్రేములో ఉండాలి. వెలుతురు ఎదుటి నుంచి పడాలి, వెనక నుంచి పడితే అంతా నీడే.

3) ఒక్కసారి చేయండి. మధ్యలో తప్పు జరిగినా ఆపొద్దు.

4) వీడియో చూస్తూ కాగితం మీద టిక్కులు పెట్టండి. వేగంగా జరిగే కదలికకి స్లో మోషన్ వాడండి. కుట్టు వేయడం సాధన చేసేవాళ్లకి సూది నిటారుగా దిగుతోందా, ఏటవాలుగా దిగుతోందా అన్నది మామూలు వేగంలో తెలియదు, నెమ్మదిగా చూస్తే ఇట్టే తెలుస్తుంది.

5) ఒకే ఒక్క తప్పు ఎంచుకుని, దాన్ని దిద్దుతూ మళ్లీ చేయండి. మూడు తప్పులు ఒకేసారి దిద్దబోతే మూడూ మిగులుతాయి.

6) వారానికి ఒక వీడియో మీ గురువుకో, సీనియర్‌కో చూపించండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు. "నాలుగో మెట్టులో మణికట్టు సరిగ్గా ఉందా?" అని అడగండి. అప్పుడే పనికొచ్చే జవాబు వస్తుంది.

మాటలతో చేసే వృత్తులకి వీడియో అక్కర్లేదు, ఆడియో చాలు. క్లయింటుకి విషయం వివరించడం, రోగిని వివరాలు అడగడం, వాదన వినిపించడం స్నేహితులతో సాధన చేస్తూ రికార్డు చేయండి. మీరు ఎంతసేపు మాట్లాడారో, అవతలి మనిషికి ఎంత అవకాశం ఇచ్చారో లెక్కపెట్టండి.

రికార్డు నొక్కేముందు తప్పనిసరిగా చూడాల్సినవి:

- ఫ్రేములో రోగి, క్లయింటు, వాళ్ల కాగితాలు, స్క్రీన్ మీద పేర్లు ఏవీ లేవు
- పనిచేసే చోట తీయడానికి రాతపూర్వక అనుమతి ఉంది (లేకపోతే ఇంట్లో, ల్యాబ్‌లో మాత్రమే)
- ఫొటోలకి లొకేషన్ జతకావడం ఆపేశారు
- ఈ ఫైళ్లు గ్యాలరీ నుంచి ఆటోమేటిక్‌గా కుటుంబ ఆల్బమ్‌లోకి పోవడం లేదు
- కరెంటు, యంత్రం, వేడి ఉన్న చోట పక్కన ఆ పని తెలిసిన మనిషి ఉన్నారు

ముఖం కనపడకపోతే చాలని అనుకోవద్దు. మంచం నంబరు, చేతి పట్టీ, వెనక వినిపించే మాట కూడా మనిషిని పట్టిస్తాయి. ఇక్కడ పొరపాటు జరిగితే మార్కులు కాదు, కోర్సే పోవచ్చు.

7. సెన్సర్లు

ఫోన్‌లో యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పుని కొలిచేది), గైరోస్కోప్ (తిరగడాన్ని కొలిచేది), మైక్రోఫోన్ ఉంటాయి, చాలావాటిలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సర్ కూడా. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వాటి రీడింగ్‌లని గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఇంజినీరింగ్ విద్యార్థులకి కంపనాలు, లోలకం, త్వరణం అర్థం కావడానికి చక్కగా సరిపోతుంది. క్రమాంకనం చేయని (ప్రామాణిక కొలతతో సరిచూడని) పరికరం కాబట్టి ఉద్యోగంలో రిపోర్టు రాయడానికి, భద్రత తేల్చడానికి ఈ రీడింగ్‌లు వాడకూడదు.

8. ఏఐ సహాయకుణ్ని పరీక్షకుడిగా వాడండి

"నాకు ఈ అధ్యాయం చెప్పు" అని అడిగితే అది కూడా మరో వీడియోలాగే మారిపోతుంది. మీ నోట్స్ ఇచ్చి ఇలా అడగండి: "దీనిలోంచి ఒక్కొక్క ప్రశ్నే అడుగు. నా జవాబు వచ్చేదాకా సరైన జవాబు చెప్పొద్దు. తర్వాత నేను వదిలేసింది ఏమిటో చెప్పు."

మందు మోతాదు, చట్టం సెక్షన్, పన్ను రేటు, లోడ్ లెక్క వంటివాటికి దాని జవాబు ఆధారం కాదు. లేని సెక్షన్‌ని కూడా అంతే ధీమాగా చెప్పగలదు. ప్రతి అంకెనీ పుస్తకంలో చూసుకున్నాకే కార్డులోకి ఎక్కించండి. తప్పు అంకెతో రాసిన కార్డు చాలా ప్రమాదకరం, ఆ తప్పునే మీకు పదే పదే నూరిపోస్తుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

స్క్రీన్‌షాట్ల గుట్ట. స్క్రీన్‌షాట్ తీయగానే మనసు "చదివేశాం" అనుకుంటుంది. వారానికోసారి పదిహేను నిమిషాలు కూర్చుని ఒక్కోదాన్నీ కార్డుగా మార్చండి లేదా తుడిచేయండి. మధ్యేమార్గం లేదు.

రెట్టింపు వేగంతో చూడటం. తెలిసిన విషయం మళ్లీ చూడటానికి ఫర్వాలేదు. మొదటిసారి చూసే పాఠానికి వద్దు.

కార్డులు పేరుకుపోవడం. జ్వరం వచ్చి పది రోజులు ఆగితే మూడు వందలు పేరుకుంటాయి, చూడగానే భయం వేసి యాప్ తెరవడం మానేస్తారు. కొత్త కార్డులని సున్నా చేయండి. రోజుకి 50 చొప్పున పాతవి మాత్రమే చూడండి. పదే పదే తప్పుతున్న కార్డు ఉంటే తప్పు మీది కాదు, కార్డుది. దాన్ని రెండుగా విడగొట్టి రాయండి.

మెసేజ్ గ్రూపుల్లో చదువు. పీడీఎఫ్‌లు వస్తుంటాయి, ఎవరూ చదవరు. ముగ్గురు చాలు. రోజుకి ఒకరు ఒక ప్రశ్న పెట్టాలి, మిగతా ఇద్దరూ వాయిస్ మెసేజ్‌లో జవాబు చెప్పాలి. అంతకు మించి ఆ గ్రూపులో ఏమీ వద్దు.

పడుకుని చదవడం. మెడ నొప్పి, కంటి మంట, నిద్ర చెడటం మూడూ వస్తాయి. ఫోన్‌ని కళ్ల ఎత్తుకి దగ్గరగా నిలబెట్టండి. 20 నిమిషాలకోసారి 20 సెకన్ల పాటు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని చూడండి. కార్డులకి పొద్దున పూట మంచిది.

పరీక్ష కాగితం మీద, సాధన ఫోన్ మీద. తెర మీద ఆప్షన్ నొక్కడానికి అలవాటు పడ్డ చెయ్యి మూడు గంటలు రాయలేదు. వారానికి ఒక ప్రశ్నపత్రం పెన్నుతోనే రాయండి.

10. మొదటి రెండు వారాలు

1వ రోజు: సిలబస్ విభజన, ఫోన్ సెట్టింగ్‌లు, బ్యాకప్ తనిఖీ. పాఠం వద్దు.

2 నుంచి 5వ రోజు: రోజుకి ఒక చిన్న పాఠం, ఐదు కార్డుల లోపే. ముందు నిన్నటి కార్డులు, ఆ తర్వాతే కొత్త పాఠం. ఈ వరస తిరగబడితే కార్డులు రేపటికి వాయిదా పడతాయి.

6వ రోజు: "చే" అంశం ఒకటి ఎంచుకుని మొదటి వీడియో. టిక్కులు, ఒక తప్పు గుర్తించడం.

7వ రోజు: స్క్రీన్‌షాట్లు తుడవడం, వచ్చే వారం పాఠాలు డౌన్‌లోడ్ చేయడం. మిగతా రోజంతా విశ్రాంతి.

8 నుంచి 12వ రోజు: అదే క్రమం. రోజుకి ఏడు కార్డుల దాకా పెంచవచ్చు.

13వ రోజు: ఆరో రోజు చేసిన పనినే మళ్లీ రికార్డు చేసి, రెండు వీడియోలూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి. రెండో దాన్ని గురువుకి చూపించండి.

14వ రోజు: ఫోన్ వేరే గదిలో పెట్టి, రెండు వారాల్లో చదివినదాని మీద ఒక గంట పరీక్ష కాగితం మీద రాయండి. ఖాళీగా వదిలేసిన ప్రశ్నల పక్కన గుండ్రం చుట్టండి. పదిహేనో రోజు పాఠం ఆ గుండ్రాల నుంచే మొదలుపెట్టండి.